వీధిబడి

వీధిబడి అనగా ప్రభుత్వ పాఠశాలలు ఏర్పడక పూర్వమూ, ఏర్పడిన తరువాత కొన్ని తరాల పాటూ తెలుగునాట గ్రామాలలోను, పట్టణాలలోను ఒకే ఉపాధ్యాయుడు స్వయంగా నడిపిన ప్రాథమిక పాఠశాల. పిల్లల తల్లిదండ్రులు ఇచ్చే జీతం మీద, ధాన్యం మీద, పండుగ కానుకల మీద ఈ బడులు ఆధారపడి ఉండేవి. ఓనమాలు, గుణింతాలు, ఎక్కాలు, శతక పద్యాలు, ఉత్తరాలు వ్రాయడం, లెక్కలు కట్టడం ఇక్కడ నేర్పేవారు. ఈస్టిండియా కంపెనీ పాలన కాలంలో 1822-1826 మధ్య మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో జరిపించిన విచారణ వల్ల ఈ బడుల స్వరూపం, పిల్లల సంఖ్య, బోధనా పద్ధతి, శిక్షల తీరు గురించి వివరమైన సమాచారం లభిస్తున్నది. 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో ప్రభుత్వ తనిఖీ, గ్రాంటు, పరీక్షల విధానం విస్తరించిన కొద్దీ వీధిబడులు కొన్ని అంతరించాయి, కొన్ని గుర్తింపు పొందిన ఎలిమెంటరీ పాఠశాలలుగా మారాయి.

పేరు

ఇంటి ముందరి వీధి అరుగు మీద గాని, చావడిలో గాని, గుడి మండపంలో గాని, చెట్టు నీడన గాని జరిగే బడి కాబట్టి వీధిబడి అన్న పేరు వచ్చింది. దీనినే అరుగుబడి, అయ్యవారి బడి, పంతులుగారి బడి అని కూడా వ్యవహరించేవారు. ఆంగ్లేయ అధికారుల నివేదికలలో ఇవి పయాల్ స్కూళ్ళుగా కనిపిస్తాయి. పయాల్ అంటే ఇంటి ముందరి అరుగు అని అర్థం. నైజాం రాజ్యంలోని తెలంగాణ ప్రాంతంలో ప్రభుత్వానికి సంబంధం లేని ఇటువంటి బడులను ఖాన్గీ బడులు అనేవారు. ఖాన్గీ అనగా ఇంటికి సంబంధించినది, సొంతమైనది.

బడి స్వరూపం

వీధిబడికి ప్రత్యేకమైన భవనం, బల్లలు, గంట, హాజరు పట్టీ ఉండేవి కావు. తరగతుల విభజన కూడా లేదు. ఐదేళ్ళ పిల్లవాడు, పన్నెండేళ్ళ పిల్లవాడు ఒకే అరుగు మీద కూర్చుని ఎవరి పాఠం వారు చదివేవారు. బడి తెల్లవారుజామునే మొదలయ్యేది. చద్దన్నానికి, మధ్యాహ్న భోజనానికి పిల్లలు ఇంటికి వెళ్ళి వచ్చి, పొద్దు గూకే వరకు ఉండేవారు. ఆదివారం సెలవు అన్న మాట లేదు. పౌర్ణమికి, అమావాస్యకు, పండుగలకు బడి ఉండేది కాదు.

పిల్లవాణ్ణి సాధారణంగా ఐదవ యేట బడిలో వేసేవారు. ఆ రోజున గురువును, బడిపిల్లలను ఇంటికి పిలిచి, వినాయక పూజ చేసి, పళ్ళెంలో పోసిన బియ్యం మీద పిల్లవాని వేలు పట్టుకొని గురువు అక్షరాలు దిద్దించేవాడు. ఈ అక్షరాభ్యాసం నేటికీ తెలుగు కుటుంబాలలో కొనసాగుతున్నది. అనేక కుటుంబాలలో పేదరికం వలన ఐదేళ్ళైనా గడవకముందే పిల్లలను చదువు మాన్పించి పనిలో పెట్టేవారు.

బోధనా పద్ధతి

వ్రాత

వీధిబడిలో ముందు వ్రాత, తరువాతే చదువు. పిల్లవాడు మొదట ఇసుకలో వేలితో అక్షరం దిద్దుతూ, దాని పేరు పైకి పలికేవాడు. చేయి, నోరు, చెవి ఒకేసారి పని చేసేవి. కొన్నిచోట్ల చెక్క మీద లోతుగా చెక్కిన అక్షరాల మీదుగా పుల్లతో దిద్దించేవారు. వీటికి గుంట ఓనమాలు అని పేరు. ఇసుకలో చేయి తిరిగిన తరువాత పలక, ఆపైన తాటాకు మీద గంటం, స్థితిపరుల ఇళ్ళలో కాగితం మీద కలం అలవాటు చేసేవారు.

నాటి పలక నేడు మనం ఎరిగిన రాతి పలక కాదు. నున్నగా చిత్రిక పట్టిన చెక్కకు అన్నం, బొగ్గుపొడి కలిపి పూసి ఆరబెట్టేవారు. గంజి పెట్టి బిగువెక్కించిన గుడ్డను పుస్తకం వలె మడతలు పెట్టి, బొగ్గు, బంకలు పూసి తయారు చేసిన దానిని కడితం అనేవారు. రెండింటి మీదా బలపంతో వ్రాసి, తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ వ్రాసేవారు. వర్తకులు తమ లెక్కలకు కూడా కడితాలనే వాడేవారు.

లెక్కలు

పెద్ద ఎక్కాలతో పాటు భిన్నాల ఎక్కాలు కూడా నోటికి రావలసిందే. అర, పాతిక, పరక (ఎనిమిదో వంతు), వీసం (పదహారో వంతు), కాని (అరవైనాలుగో వంతు) అన్నవి నిత్యవ్యవహారంలోని భిన్నాలు. సోల, తవ్వ, మానిక, కుంచం, తూము, పుట్టి అన్న కొలతలు, భూమి కొలతలు, వడ్డీ లెక్కలు నేర్పేవారు. ఇవి కరణానికి, కోమటికి, కాపుకు అందరికీ అక్కరకు వచ్చే లెక్కలు. వీధిబడి చదువులో వెంటనే జీవితానికి ఉపయోగపడిన భాగం ఇదే.

పద్యాలు

సుమతీ శతకం, కృష్ణ శతకం, దాశరథీ శతకం, భాగవతంలోని గజేంద్రమోక్షం, రుక్మిణీ కల్యాణం వంటి ఘట్టాలు, అమరకోశం కంఠస్థం చేయించేవారు. 1832లో పుదూరు సీతారామశాస్త్రి రచించిన బాలశిక్ష వెలువడిన తరువాత అచ్చుపుస్తకం కూడా క్రమంగా వీధిబడిలో ప్రవేశించింది. పెద్ద బాలశిక్షగా పెరిగిన ఆ పుస్తకం ఆ తరువాత తరతరాల తెలుగు పిల్లల చేతిలో నిలిచింది.

పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పడం

ఒకే గురువు అందరికీ చెప్పలేడు కాబట్టి ముందు నేర్చిన పిల్లలు వెనుక వచ్చినవారికి దిద్దబెట్టడం, వల్లె వేయించడం, పాఠం అప్పగించుకోవడం చేసేవారు. మద్రాసులోని ఎగ్మూరు అనాథ బాలుర ఆశ్రమానికి 1789లో అధికారిగా నియమితుడైన ఆండ్రూ బెల్ స్థానిక బడులలో పిల్లలు ఇసుకలో వ్రాయడం చూసి తన ఆశ్రమంలో అమలు చేశాడు. పిల్లలచేతనే పిల్లలకు చదువు చెప్పించే పద్ధతిని అక్కడే రూపొందించి, 1797లో ఇంగ్లాండులో ఒక గ్రంథం ప్రకటించాడు. ఇదే అక్కడ మద్రాసు పద్ధతి అన్న పేరుతో పేదపిల్లల బడులలో వ్యాపించింది.

గురువు ఆదాయం

వీధిబడి గురువుకు ప్రభుత్వ జీతం లేదు. తండ్రులు తమ తాహతును బట్టి నెలకు కొద్దిపాటి సొమ్ము ఇచ్చేవారు. సొమ్ము లేనివారు బియ్యం, కూరగాయలు, వంటచెరకు ఇచ్చేవారు. పంటకాలంలో కొంత ధాన్యం ముట్టేది. పిల్లవాడు కొత్త పుస్తకం మొదలుపెట్టినప్పుడు, ఒకటి ముగించినప్పుడు కానుక ఉండేది. అన్నిటి కంటె పెద్ద రాబడి దసరాకు వచ్చేది. పిల్లలు కొత్తబట్టలు కట్టుకొని, రంగుకాగితాలు అంటించిన విల్లంబులు పట్టుకొని, గురువు వెంట ఇంటింటికీ వెళ్ళి పద్యాలు చదివేవారు. గురువుకు డబ్బు, పిల్లలకు పప్పుబెల్లాలు దక్కేవి.

ఈ ఏర్పాటు వలన గురువు ఊరికి లోబడి ఉండేవాడు. పిల్లలకు చదువు రాకపోతే తండ్రులు జీతం ఆపేవారు, లేదా వేరే బడిలో వేసేవారు. కాబట్టి పిల్లవాడు ఇంటి దగ్గర నాలుగు పద్యాలు తప్పు లేకుండా అప్పగించడం గురువు జీవనానికే అవసరం. వీధిబడి శిక్షలను అర్థం చేసుకోవడానికి ఈ విషయం ముఖ్యం.

క్రమశిక్షణ, శిక్షలు

బడికి వచ్చే వరుస

బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగష్టు 17న మద్రాసు రెవెన్యూ బోర్డుకు పంపిన నివేదిక ఈ విషయంలో ప్రధానమైన ఆధారం. కాంప్‌బెల్ తెలుగు నేర్చినవాడు. 1816లో తెలుగు వ్యాకరణం ప్రకటించినవాడు. నాటి బళ్ళారి జిల్లాలో తెలుగు, కన్నడం రెండూ మాట్లాడే తాలూకాలు ఉండేవి. నేటి అనంతపురం ప్రాంతం కూడా 1882 వరకు అందులో భాగమే.

ఆయన వర్ణించిన పద్ధతి ఇది. ఉదయం బడికి అందరి కంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవవానికి సున్న చుట్టేవారు. అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడవవానికి ఒక చిన్న దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ తరువాత వచ్చినవారికి వరుసగా ఒక్కొక్కటి చొప్పున పెరిగేవి. ఇరవయ్యవ వాడుగా వచ్చినవానికి ఎన్ని పడతాయో ఆ బడిలో లెక్కలు నేర్చిన పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

గడియారం లేని కాలంలో పిల్లలను వేళకు రప్పించడానికి ఇది ఉపాయం. అయితే ఇందులో ఒక అన్యాయం ఉన్నది. ఎంత పెందలకడ వచ్చినా, అందరూ పెందలకడనే వస్తే, చివరివానికి దెబ్బలు తప్పవు. శిక్ష చేసిన తప్పుకు కాదు, వరుసలోని స్థానానికి.

శిక్షల రకాలు

కాంప్‌బెల్ నివేదికలో బెత్తంతో కొట్టడం, రెండు చేతులూ కట్టి ఇంటికప్పుకు వేలాడదీయడం, ఆగకుండా కూర్చుని లేచేటట్లు చేయడం పేర్కొనబడ్డాయి. తెలుగునాట వాడుకలో ఉన్న శిక్షలలో ముఖ్యమైనవి:

బెత్తం, చింతబరికె: అరచేతి మీద, వీపు మీద, పిక్కల మీద కొట్టడం. అన్నిటి కంటె సామాన్యమైన శిక్ష.

కోదండం: ఇంటి దూలానికి కట్టిన తాడును పిల్లవానిచేత పట్టించి, కాళ్ళు నేలకు అందకుండా వ్రేలాడేటట్లు చేయడం. చేతులు జారితే క్రింద పడతాడు, లేదా బెత్తం దెబ్బ తగులుతుంది.

గోడకుర్చీ: వీపు గోడకు ఆనించి, కుర్చీలో కూర్చున్నట్లు మోకాళ్ళు వంచి నిలబెట్టడం.

గుంజీలు: చేతులు ఎదురెదురుగా వేసి చెవులు పట్టుకొని కూర్చుని లేవడం. వినాయకుని ముందు భక్తితో తీసే గుంజీలే బడిలో శిక్ష అయ్యాయి.

తొడపాశం: తొడ మీది చర్మాన్ని పట్టి మెలిపెట్టడం.

ముక్కుచెంపలు: ఒకరు చెప్పలేని ప్రశ్నకు జవాబు చెప్పిన పిల్లవాడు, చెప్పలేనివాని ముక్కు పట్టుకొని చెంప మీద కొట్టడం.

ఎండలో నిలబెట్టడం, వంగదీసి వీపు మీద రాయి పెట్టడం: పెద్ద తప్పులకు.

బడి ఎగవేసిన పిల్లవాణ్ణి పట్టి తెచ్చే పని పెద్దపిల్లలది. నలుగురు వెళ్ళి, కాళ్ళూ చేతులూ పట్టుకొని వీధి వెంట మోసుకొని వచ్చేవారు. వీధిబడి శిక్షలన్నీ పదిమంది కళ్ళ ఎదుట జరిగేవే. అరుగు మీది బడి కావడం చేత దారిన పోయేవారు కూడా చూసేవారు. నొప్పితో పాటు సిగ్గు కూడా శిక్షలో భాగం. తల్లిదండ్రులు సాధారణంగా అడ్డు చెప్పేవారు కారు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత వారి అభిప్రాయాన్ని తెలుపుతుంది.

వల్లెవేతకూ బెత్తానికీ సంబంధం

కాంప్‌బెల్ ఈ బడులను రెండు విధాలుగా అంచనా వేశాడు. తక్కువ ఖర్చుతో వ్రాత నేర్పే తీరును, పిల్లలచేత పిల్లలకు చెప్పించే తీరును మెచ్చుకొన్నాడు. కాని పిల్లలు కంఠస్థం చేసే గ్రంథాలు వ్యవహారంలో లేని కావ్యభాషలో ఉన్నాయని, వాటి అర్థం పిల్లలకు తెలియదని, చాలాచోట్ల గురువుకు కూడా తెలియదని వ్రాశాడు.

ఈ రెండు విషయాలనూ, అనగా శిక్షలనూ, అర్థం లేని వల్లెవేతనూ, కలిపి చూడవలసి ఉన్నది. అర్థమైన పాఠాన్ని పిల్లవాడు ఇష్టంతో గుర్తు పెట్టుకొంటాడు. అర్థం కాని నూరు పద్యాలను ఏడేళ్ళవానిచేత గుర్తు పెట్టించడానికి భయం తప్ప గురువు దగ్గర వేరే సాధనం లేదు. లెక్కల విషయంలో ఈ ఇబ్బంది తక్కువ. మానిక, కుంచం ఇంటిలో చూసేవే. పద్యాల విషయంలో బెత్తం అర్థానికి బదులుగా నిలిచింది. ఆ కంఠస్థ విద్య వలన తెలుగు పద్యం సామాన్యుల నాలుకల మీద నిలిచిందన్నది నిజమే. దానికి పిల్లలు చెల్లించిన మూల్యం కూడా నిజమే.

ఇంగ్లాండులోనూ ఇంతే

ఈ శిక్షలను భారతీయుల ఆటవికతకు గుర్తుగా చూపిన ఆంగ్ల రచయితలు ఉన్నారు. అయితే అదే కాలంలో ఇంగ్లాండు పాఠశాలలలో బెత్తం నిత్యకృత్యమే. బెల్‌కు పోటీగా పేదపిల్లల బడులు నడిపిన జోసెఫ్ లాంకాస్టర్ దెబ్బలు వద్దన్నాడు గాని, పిల్లల మెడకు కొయ్యదుంగ కట్టించడం, బుట్టలో పెట్టి కప్పుకు వేలాడదీయడం వంటి సిగ్గుపరచే శిక్షలు వాడాడు. బ్రిటన్ ప్రభుత్వ పాఠశాలలలో బెత్తాన్ని చట్టం ద్వారా నిషేధించింది 1986లో మాత్రమే.

మన్రో విచారణ

1822 జూన్ 25న మన్రో తన ఆదేశపత్రంలో ప్రతి జిల్లాలోని బడులు, పిల్లలు, వారి కులాలు, చదివే పుస్తకాలు, జీతాల వివరాలు పంపవలసిందిగా కలెక్టర్లను కోరాడు. అందిన వివరాలను 1826 మార్చి 10 నాటి పత్రంలో సమీక్షించాడు. దాని ప్రకారం మద్రాసు రాజధాని జనాభా 1,28,50,941, బడులు 12,498, బడులలో చదివే బాలురు 1,84,110. ఇంటి దగ్గర చదువుకొనే వారిని కూడా కలిపితే బడి ఈడు మగపిల్లలలో దాదాపు మూడవ వంతు మందికి ఏదో ఒక చదువు అందుతున్నదని మన్రో అంచనా.

బళ్ళారి లెక్కలు ఇంత ఆశాజనకంగా లేవు. 9,27,857 మంది ఉన్న జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. అంటే బడికి సగటున పన్నెండు మంది. వేయిమందికి దాదాపు ఏడుగురు మాత్రమే. ఈ బడులలో 235 కన్నడం, 226 తెలుగు నేర్పేవి. ఇంగ్లీషు నేర్పే బడి ఒక్కటే. పూర్వం బడి ఉన్న అనేక గ్రామాలలో ఇప్పుడు లేదని కాంప్‌బెల్ వ్రాశాడు. దేశీయ నేతపని ఇంగ్లాండు బట్టల దిగుమతి వలన దెబ్బతినడం, దేశంలోని ధనం బయటకు తరలిపోవడం వలన కలిగిన పేదరికమే ఇందుకు కారణమని ఆ కంపెనీ ఉద్యోగి స్వయంగా చెప్పడం గమనార్హం.

జిల్లాకు రెండు పెద్ద బడులు, తాలూకాకు ఒక బడి ప్రభుత్వ ఖర్చుతో పెట్టాలని, ఉపాధ్యాయులకు మద్రాసులో శిక్షణ ఇవ్వాలని మన్రో ప్రతిపాదించాడు. 1827 జూలై 6న పత్తికొండలో కలరా వలన ఆయన మరణించాడు. మొదలుపెట్టిన కొద్ది బడులు కూడా ఆదరణ లేక 1830లలో మూతపడ్డాయి.

బడికి దూరమైనవారు

మన్రో విచారణ బడిలో ఉన్నవారితో పాటు లేనివారిని కూడా తెలుపుతుంది. బళ్ళారి జిల్లాలోని 6,641 మందిలో బాలికలు 60 మంది మాత్రమే. ఈ లెక్కలను పరిశీలించిన ధరంపాల్ ప్రకారం తెలుగు జిల్లాల బడిపిల్లలలో బ్రాహ్మణుల వాటా కడపలో 24 శాతం మొదలు విశాఖపట్నంలో 46 శాతం వరకు ఉంది. శూద్రులుగా లెక్కించిన కులాల వాటా 35 నుంచి 41 శాతం. తమిళ జిల్లాలలో శూద్రుల వాటా ఇంతకంటె చాలా ఎక్కువ. అంటరానివారిగా చూడబడిన కులాల పిల్లలకు ఊరి నడుమ అరుగు మీద చోటు దాదాపుగా లేదు. బెత్తం దెబ్బ తినడానికైనా ముందు అరుగు ఎక్కనివ్వాలి.

ఆ పిల్లలకు మొదట చదువు అందించినవి ఎక్కువగా క్రైస్తవ మిషనరీ బడులు. 1890లలో మద్రాసు ప్రభుత్వం పంచముల విద్యకు ప్రత్యేక చర్యలు తీసుకొన్నది. బాలికల విషయంలో కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో స్థాపించిన బాలికా పాఠశాల ఒక మైలురాయి.

ప్రభుత్వ విద్యావిధానం

1854 నాటి ఉడ్స్ డిస్పాచ్ ప్రతి రాజధానిలోనూ విద్యాశాఖను, తనిఖీ అధికారులను, ప్రైవేటు బడులకు గ్రాంటును ఏర్పాటు చేయాలని నిర్దేశించింది. 1855లో మద్రాసు విద్యాశాఖకు ఎ.జె. ఆర్బుత్నాట్ తొలి డైరెక్టరు అయ్యాడు. 1871లో స్థానిక నిధుల చట్టం, 1884లో స్థానిక బోర్డుల చట్టం వచ్చాయి. బోర్డు బడి అన్న మాట అప్పటినుండి తెలుగు పల్లెలలో స్థిరపడింది.

వీధిబడిని మార్చిన ముఖ్యమైన సాధనం ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి. ఇంగ్లాండులో 1862లో వచ్చిన ఈ పద్ధతిని మద్రాసు రాజధానిలో విరివిగా అమలుపరచారు. సంవత్సరానికి ఒకసారి ఇనస్పెక్టరు వచ్చి ఒక్కొక్క పిల్లవాణ్ణి చదువు, వ్రాత, లెక్కలలో పరీక్షించేవాడు. ఎంతమంది ఎన్ని అంశాలలో నెగ్గితే గురువుకు అంత సొమ్ము. ఇందుకోసం వీధిబడి పంతుళ్ళు అచ్చుపుస్తకాలు, హాజరు పట్టీలు, తరగతులు ప్రవేశపెట్టారు.

ఈ మార్పు బెత్తాన్ని తగ్గించే దిశలో పనిచేయలేదు. పూర్వం గురువు జీవనం ఊరి తండ్రుల మెప్పు మీద ఆధారపడేది. ఇప్పుడు ఒక్కరోజు పరీక్ష మీద ఆధారపడింది. మందబుద్ధి అనిపించిన పిల్లవాడు గురువుకు నష్టం అయ్యాడు. పరీక్షకు వచ్చే పాఠాలను అర్థంతో పని లేకుండా వల్లె వేయించడం పెరిగింది. పద్యానికి బదులు పాఠ్యపుస్తకం వచ్చింది గాని పద్ధతి మారలేదు. చివరకు 1904లో భారత ప్రభుత్వ విద్యావిధాన తీర్మానం ఈ గ్రాంటు పద్ధతిని తోసిపుచ్చింది. 1920లో మద్రాసు ఎలిమెంటరీ విద్యా చట్టం వచ్చింది.

కొత్త బడి, కొత్త శిక్షలు

1843లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ స్థాపించిన పాఠశాల వంటి మిషన్ బడులు, ఆ తరువాత ప్రభుత్వ హైస్కూళ్ళు కొత్త క్రమశిక్షణను తెచ్చాయి. గంట కొట్టగానే రావాలి, హాజరు పిలిస్తే పలకాలి, వరుసలో నిలవాలి, డ్రిల్లు చేయాలి. శిక్షలు కూడా ఈ సామగ్రితో పాటే మారాయి. బల్లలు వచ్చిన తరువాత బెంచీ ఎక్కించడం వచ్చింది. కాగితం చౌక అయిన తరువాత ఇంపోజిషన్ వచ్చింది. హాజరు పట్టీ, ఫీజు వచ్చిన తరువాత జరిమానా వచ్చింది. సర్టిఫికెట్టు లేనిదే ఉద్యోగం రాదన్న కాలం వచ్చిన తరువాత, బడి నుండి తీసివేయడం అన్నిటి కంటె పెద్ద శిక్ష అయింది. కోదండం దాదాపు అంతరించింది. బెత్తం, గోడకుర్చీ, గుంజీలు మాత్రం కొత్త బడిలోకి కూడా వచ్చి చేరాయి.

1860 నాటి భారత శిక్షాస్మృతిలో బెత్తం పేరు లేదు. పన్నెండేళ్ళ లోపు పిల్లల మేలు కోరి, సంరక్షకుల అనుమతితో, సద్భావంతో చేసిన పనిని నేరంగా పరిగణించరాదన్న నిబంధన మాత్రం ఉంది. ఉపాధ్యాయుని దండనాధికారానికి న్యాయస్థానాలలో ఇది ఆధారంగా చూపబడింది.

వందేమాతరం ఉద్యమం

20వ శతాబ్ది ఆరంభంలో బడి క్రమశిక్షణ రాజకీయ విషయమైంది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రిలో ప్రసంగించిన తరువాత అక్కడి కళాశాల, ట్రైనింగు కళాశాల విద్యార్థులు వందేమాతరం బిళ్ళలు ధరించి వచ్చారు. ప్రిన్సిపాలు మార్క్ హంటర్ వారిపై చర్య తీసుకొన్నాడు. ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు బహిష్కృతులలో ఒకరు. అదే సంవత్సరం మే నెలాఖరున కాకినాడలో వందేమాతరం అన్నందుకు ఒక బాలుణ్ణి జిల్లా వైద్యాధికారి కెంప్ కొట్టగా, ఆగ్రహించిన జనం ఆంగ్లేయుల క్లబ్బుపై దాడి చేశారు.

గురువు చేతి దెబ్బను సహజంగా భావించిన సమాజమే పాలకుని చేతి దెబ్బను సహించలేదు. కొట్టే అధికారం ఎవరికి ఉన్నది, దేనికోసం ఉన్నది అన్న ప్రశ్న ఈ సంఘటనతో వీధిలోకి వచ్చింది. ప్రభుత్వ అదుపు లేని చదువు కావాలన్న ఆలోచన నుంచి మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు ప్రభృతులు ఆంధ్ర జాతీయ కళాశాలను 1910లో ప్రారంభించారు.

నైజాం రాజ్యంలో

తెలంగాణ నేరుగా బ్రిటిష్ పాలనలో లేదు. ప్రభుత్వ పాఠశాలలలో ఉర్దూ బోధనాభాషగా ప్రాధాన్యం వహించింది. అందువలన తెలుగు చదువు చాలా వరకు ఖాన్గీ బడుల మీద ఆధారపడింది. 1920లలో ప్రభుత్వం వీటికి ముందుగా అనుమతి పొందాలన్న నిబంధన పెట్టింది. దీనిని తొలగించాలన్నది ఆంధ్రోద్యమం కోరికలలో ఒకటి. బ్రిటిష్ ఆంధ్రలో వీధిబడి పాతకాలపు గుర్తుగా మిగులుతున్న రోజులలో తెలంగాణలో అది మాతృభాషకు ఆశ్రయం అయింది.

వాదోపవాదాలు

1931 అక్టోబరు 20న లండనులో మాట్లాడుతూ గాంధీజీ, భారతదేశంలో అక్షరాస్యత ఏభై, వంద సంవత్సరాల క్రితం కంటె తగ్గిందని, ఆంగ్లేయులు విద్య అనే అందమైన చెట్టు వేళ్ళు తవ్వి చూసి అలాగే వదిలివేయగా అది చచ్చిపోయిందని అన్నారు. సర్ ఫిలిప్ హార్టాగ్ దీనికి ఆధారాలు అడిగాడు. వారి మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు చాలాకాలం నడిచాయి. 1983లో ధరంపాల్ మన్రో విచారణ పత్రాలను సేకరించి, గాంధీజీ మాటనే శీర్షికగా తీసుకొని గ్రంథం ప్రకటించాడు.

వీధిబడులు విస్తారంగా ఉండేవని, శూద్ర కులాల పిల్లలు కూడా పెద్దసంఖ్యలో చదివేవారని ఈ గ్రంథం నిరూపించింది. బాలికలు, అంటరానివారుగా చూడబడినవారు వాటికి వెలుపలే ఉన్నారన్నది కూడా అదే లెక్కలలో కనిపిస్తుంది. శిక్షల వర్ణన కూడా అవే పత్రాలలో ఉంది. వీధిబడిని పూర్తిగా పొగిడేవారు గాని, పూర్తిగా తెగడేవారు గాని ఆ పత్రాలలో సగమే చదివినట్లవుతుంది.

తరువాతి పరిణామాలు

స్వాతంత్ర్యానంతరం వీధిబడులు క్రమంగా కనుమరుగయ్యాయి. బడిలో దెబ్బలు మాత్రం చాలాకాలం కొనసాగాయి. 2002లో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం విద్యా నియమావళిని సవరించి విద్యాసంస్థలలో శారీరక దండనను నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం (2009) పిల్లలను శారీరకంగా శిక్షించడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది.

వీధిబడి అంతరించినా దాని ఆనవాళ్ళు తెలుగు భాషలో నిలిచి ఉన్నాయి. ఒక విషయంలో ఓనమాలు తెలియకపోవడం, అప్పగించడం, వల్లె వేయడం, గుంజీలు తీయించడం అన్న పలుకుబడులు అరుగు మీది బడి నుండి వచ్చినవే. వాటిలో కొన్ని చదువుకు, కొన్ని శిక్షకు సంబంధించినవి. ఆ బడిలో రెండూ విడదీయరానివిగా ఉండేవి.

ఇవి కూడా చూడండి

పెద్ద బాలశిక్ష
అక్షరాభ్యాసం
థామస్ మన్రో
కందుకూరి వీరేశలింగం
గాడిచర్ల హరిసర్వోత్తమరావు
ఆంధ్ర జాతీయ కళాశాల
విద్యాహక్కు చట్టం